క్లోమంలో కరెంటు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరిట మాట్లాడేవాళ్ళు మామూలుగా ఫోలిక్ యాసిడ్ దగ్గర ఎత్తుకుంటారు. పసిపిల్లల రక్తకేన్సర్ మందు మీదుగా బోదకాలుకి పనికొచ్చిన హెట్రజాన్ దగ్గరికి వచ్చి ఆగుతారు. అవన్నీ 1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరిన తరవాతి పనులు. నాకు అంతకు ముందటి సుబ్బారావుగారు కావాలి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, పొట్ట గడవడానికి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్ళు కింది స్థాయి పనులు చేస్తూ, హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర భాస్వరం కొలుస్తూ కూర్చున్న మనిషి ఆయన.

ఆ కొలతని ఇక్కడున్న విద్యార్థులు చేసే ఉంటారు. పరీక్షనాళికలో మాలిబ్డేటు వేసి, క్షయకారకం కలిపి, కాసేపు ఆగితే ద్రావణం నీలం తిరుగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. పుస్తకాల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఉంటుంది. 1925 నాటిది. ఆ నీలం రంగు వెంటపడే వాళ్ళిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియటిన్‌ని పట్టుకున్నారు, 1929లో ఏటీపీ దాకా వెళ్ళారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని చేరుకున్నాడు. మనవాళ్ళు లోమన్ పేరు మింగేసి చెబుతారు, పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు సుబ్బారావుగారి పేరు మింగేస్తాయి. రెండూ అన్యాయమే.

ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అని బడిపిల్లలకి కూడా తెలుసు. అదే ఏటీపీ క్లోమంలోని బీటా కణంలో ఇంకో ఉద్యోగం కూడా చేస్తుంది. అక్కడ అది కరెంటు మీట నొక్కుతుంది. నా ఉపన్యాసమంతా ఆ మీట చుట్టూనే తిరుగుతుంది. క్లోమానికి విద్యుత్ ప్రేరణ ఇస్తే ఇన్సులిన్, గ్లూకగాన్ ఏమవుతాయి, మధుమేహంలో దానివల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నది ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్లోమం చేత ఇన్సులిన్ వదిలించడం పెద్ద విద్య కాదు, డెబ్భై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాం. వేళకి ఆపించడమే ఇంకా పూర్తిగా చేతకాలేదు.

క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే లాంగర్‌హాన్స్ పుటికలు. మిగతాదంతా జీర్ణరసం తయారుచేసే కణజాలం. పాల్ లాంగర్‌హాన్స్ 1869లో బెర్లిన్‌లో విద్యార్థిగా ఉండగా ఈ కణాల గుంపుల్ని చూసి వర్ణించాడు, అవి ఏం చేస్తాయో మాత్రం చెప్పలేకపోయాడు. ఒక్కో పుటికలో వందల నుంచి వేల కణాలుంటాయి. బీటా కణాలు ఇన్సులిన్, ఆల్ఫా కణాలు గ్లూకగాన్, డెల్టా కణాలు సొమాటోస్టాటిన్ తయారుచేస్తాయి. ఇవి గుండె కణాల్లాగే, మెదడు కణాల్లాగే కరెంటు మీద నడిచే కణాలని తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

1968లో కేంబ్రిడ్జిలో డీన్, మాథ్యూస్ అనే ఇద్దరు చిట్టెలుక పుటికని ద్రావణంలో ఉంచి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా మొన లాగిన గాజుగొట్టాన్ని అందులోని కణంలోకి గుచ్చారు. గొట్టంలోని ఉప్పు ద్రావణమే తీగ. గ్లూకోజ్ తక్కువగా ఉన్నంతసేపూ తెర మీద వోల్టేజీ గీత కదలదు. కణం లోపలి వైపు బయటికంటే దాదాపు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉండిపోతుంది. గ్లూకోజ్ పెంచితే గీత నెమ్మదిగా పైకి జరుగుతుంది, ఒక మెట్టు మీద నిలబడి గబగబా ముళ్ళు ముళ్ళుగా కొట్టుకుంటుంది, మళ్ళీ కిందికి దిగి ఊరుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. గ్లూకోజ్ ఇంకా పెంచితే కొట్టుకునే సమయం పెరిగి ఊరుకునే సమయం తగ్గుతుంది. బాగా పెరిగితే విరామమే ఉండదు. విద్యార్థులు ఈ గీతని ఒక్కసారైనా నిదానంగా చూడాలి. అందులో ముళ్ళతో పాటు మధ్య మధ్య వచ్చే మౌనాన్ని కూడా చూడాలి.

ఆ గీతని పైకి లేపేది ఏమిటన్నది 1984లో తేలింది. అప్పటికి నేహర్, సాక్‌మన్ల ప్యాచ్ క్లాంప్ చేతికొచ్చింది. దానితో ఒకే ఒక్క అయాను ద్వారం తెరుచుకోవడం, మూసుకోవడం నేరుగా చూడవచ్చు. ఆక్స్‌ఫర్డులో ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ బృందం బీటా కణం పొర మీద ఒక పొటాషియం ద్వారం గ్లూకోజ్ ఇస్తే మూసుకుపోవడం చూసింది. అదే ఏడాది కుక్, హేల్స్ ఏటీపీ తగిలితే మూసుకునే ద్వారం బీటా కణంలో ఉందని చూపించారు. రెండూ ఒకటే. కథ ఇలా నడుస్తుంది. గ్లూకోజ్ కణంలోకి వస్తుంది, కాలుతుంది, ఏటీపీ పెరుగుతుంది, ఏడీపీ తగ్గుతుంది. పొటాషియం ద్వారం మూతపడుతుంది. బయటికి పోవలసిన ధనావేశం లోపలే ఉండిపోయేసరికి వోల్టేజీ పైకి జరుగుతుంది. ఒక హద్దు దాటగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి దూకగానే ఇన్సులిన్ సంచులు పొరకి అతుక్కుని బయటికి కుమ్మరిస్తాయి. ఒక్కో కణంలో అలాంటి సంచులు సుమారు పది వేలు.

గమనించండి, రక్తంలో ఎంత చక్కెర ఉందన్న లెక్క ఇక్కడ వోల్టేజీగా మారిపోయింది. కొలిచేదీ, మీట నొక్కేదీ, సరుకు విడుదల చేసేదీ ఒకే కణం. చక్కెర తగ్గితే ఏటీపీ తగ్గుతుంది, ద్వారం తెరుచుకుంటుంది, కరెంటు ఆగిపోతుంది. ఆపమని ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

ఈ మీటని మనిషి నొక్కడం మొదలుపెట్టింది అదేమిటో తెలియకముందే. 1942లో ఫ్రాన్సులో మోంపెలియేలో మార్సెల్ జాన్‌బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకి ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చాడు. రోగులకి చక్కెర పడిపోయింది. ఆయన సహచరుడు ఒగుస్త్ లూబాతియేర్ దాని వెంటపడి, ఆ మందు క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తోందని నిరూపించాడు. టోల్‌బ్యుటమైడ్ దగ్గర్నుంచి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ దాకా వచ్చిన మాత్రలన్నీ ఆ వంశమే, సల్ఫోనిల్‌యూరియాలని పేరు. 1985లో తెలిసిందేమంటే, ఇవి అంటుకునేది ఆ పొటాషియం ద్వారానికే. చక్కెర ఉన్నా లేకపోయినా దాన్ని మూసేస్తాయి. కాబట్టి టిఫినుకి ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర ఒక విధంగా క్లోమానికి విద్యుత్ చికిత్సే. తీగలు లేవు, అంతే.

చక్కెర ఉన్నా లేకపోయినా అన్నాను. అసలు చిక్కంతా అక్కడే. ఏకాదశి నాడు ఉపవాసముండి, మాత్ర మాత్రం మానకుండా వేసుకున్న పెద్దావిడ మధ్యాహ్నానికి చెమటలు పట్టి, మాట తడబడి, కుర్చీలో ఒరిగిపోవడం ఈ సభలోని డాక్టర్లందరికీ తెలిసిన దృశ్యం. కణం ఆగిపోదామని చూస్తుంటే మాత్ర ఆగనివ్వదు. రెండో నష్టం నిదానంగా వస్తుంది. 2006లో అచ్చయిన అడాప్ట్ అధ్యయనంలో కొత్తగా టైప్ 2 తేలినవాళ్ళని మూడు మందుల మీద పెట్టి ఐదేళ్ళు చూశారు. ఆ ఒక్క మందుతో చక్కెర అదుపు తప్పినవాళ్ళు రోసిగ్లిటజోన్ మీద 15 శాతం, మెట్‌ఫార్మిన్ మీద 21 శాతం, గ్లిబెన్‌క్లమైడ్ మీద 34 శాతం. ఇన్సులిన్ని నెట్టి బయటికి తెచ్చే మందే అందరికంటే ముందు చేతులెత్తేసింది. కణాన్ని తోలితే కణం చస్తుందని దీన్నిబట్టి తేల్చేయలేం, మెట్‌ఫార్మిన్‌కీ రోసిగ్లిటజోన్‌కీ వేరే సుగుణాలున్నాయి. కాని క్లోమాన్ని తీగతో ప్రేరేపిస్తామంటూ వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది ఈ 34 శాతం గురించే.

ఇక తీగల దగ్గరికే వద్దాం. క్లోమానికి నాడులు రెండు దారుల్లో వస్తాయి. వేగస్ నాడి దారి ఒకటి, అది తిండి వేళది. సింపథెటిక్ నాడుల దారి రెండోది, అది ప్రమాదం వేళది. 1849లోనే క్లోడ్ బెర్నార్డ్ కుందేలు మెదడు అడుగున నాలుగో కుహరం నేలని సూదితో పొడిస్తే మూత్రంలో చక్కెర పడుతుందని చూపించాడు. నాడికీ చక్కెరకీ సంబంధముందని తెలిసింది గాని, మధ్యలో ఇన్సులిన్ ఏమవుతోందో కొలిచే సాధనం చాలాకాలం లేదు. యాలో, బెర్సన్ రేడియో ఇమ్యునో పరీక్ష కనిపెట్టాకే రక్తంలో ఇన్సులిన్ లెక్క నమ్మదగినట్టుగా దొరికింది. ఆ తరవాత 1967లో, అమెరికాలో ఫ్రోమన్ బృందం, జపాన్‌లో కనెటో బృందం కుక్కల్లో వేగస్‌కి కరెంటిచ్చి ఇన్సులిన్ పెరగడం చూపించాయి. సింపథెటిక్ నాడిని ప్రేరేపిస్తే కథ తిరగబడుతుంది. ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది. పులి ఎదురైతే కాలేయం నుంచి చక్కెర కావాలి గదా.

జెనీవాలో జిరార్డియే, సేడూల ప్రయోగశాలలో 1973లో జరిగిన పని నాకు మరీ ఇష్టం. వాళ్ళు మెడ దగ్గరా ఛాతీ దగ్గరా ఆగకుండా, కుక్క క్లోమంలోకి నేరుగా దిగే సన్నని నాడినే విడదీసి ప్రేరేపించారు, క్లోమం నుంచి వచ్చే సిరలోనే రక్తం తీశారు. గ్లూకగాన్ పెరిగింది. ఇన్సులిన్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు, ఎందుకంటే ఆ చివర నాడిలో పెంచే పోగులూ తగ్గించే పోగులూ పెనవేసుకుని ఉంటాయి. తీగ పెట్టి మీట వేస్తే రెండూ ఒకేసారి పలుకుతాయి. ఏది గెలుస్తుందో ముందే చెప్పడం కష్టం.

మెడలోని వేగస్‌ది ఇంకో తలనొప్పి. అందులో అయిదింట నాలుగు వంతుల దాకా పోగులు లోపలి అవయవాల నుంచి మెదడుకి వార్తలు మోసేవే. 2016లో అయోవాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, మెదడు వైపు వెళ్ళే పోగుల్ని ప్రేరేపిస్తే రక్తంలో చక్కెర బాగా పెరిగింది. కిందికి దిగే వాటిని మాత్రమే ప్రేరేపిస్తే ఆ పెరుగుదల నిలవలేదు. మూర్ఛవ్యాధికి మెడలో వేగస్ ప్రేరక యంత్రం పెట్టడానికి అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది కాబట్టి, అదే యంత్రం షుగరుకీ పనికొస్తుందని ఆశపడ్డవాళ్ళున్నారు. ఒకే నాడి, రెండు దిక్కులు, వ్యతిరేక ఫలితాలు. అక్కడే ఆగాల్సి వచ్చింది.

ఇదంతా కుక్కలో, ఎలుకలో. మరి మనిషిలో? 2011లో మయామీలో కైసేడో బృందం దాతల క్లోమాల్ని కోసి, నాడులకి రంగు పట్టించి చూసింది. చిట్టెలుక పుటికలో నాడి పోగులు కణాల్ని నేరుగా తాకుతూ ఉంటాయి. మనిషి పుటికలో వేగస్ తరహా పోగులు అరుదు. సింపథెటిక్ పోగులు ఎక్కువగా రక్తనాళాల గోడ కండరాల మీదే వాలుతున్నాయి. పైగా వేగస్ పోగులు వదలాల్సిన ఎసిటైల్‌కోలిన్‌ని మనిషి పుటికలో పక్కనున్న ఆల్ఫా కణాలే వదులుతున్నాయని అదే బృందం చూపించింది. ఈ రెండు పరిశోధనలూ చదివాక, చిట్టెలుకలో పనిచేసిన ప్రేరణ మనిషిలోనూ పనిచేస్తుందని ఎవరైనా ధీమాగా అంటే నేను నమ్మను.

నాడులు లేకపోయినా క్లోమం పని సాగుతుందనడానికి ఆసుపత్రుల్లోనే రుజువుంది. క్లోమం మార్పిడి చేసినప్పుడు నాడులన్నీ తెగిపోతాయి, అయినా కొత్త క్లోమం తిండికి తగ్గట్టు ఇన్సులిన్ ఇస్తుంది. 2000లో ఎడ్మంటన్‌లో ఏడుగురు టైప్ 1 రోగులకి పుటికల్ని మాత్రమే కాలేయానికి వెళ్ళే సిరలోకి ఎక్కించారు. ఏడుగురూ ఇంజెక్షన్ మానగలిగారు. కాలేయంలో తేలుతున్న పుటికకి ఏ నాడి సలహా ఇస్తుంది? వాసన తగలగానే, ముద్ద నోట్లో పెట్టగానే ఇన్సులిన్ కాస్త ముందుగా లేవడం వేగస్ పని, అది పోతే భోజనం తరవాతి మొదటి నిమిషాల్లో తేడా వస్తుంది. ముఖ్యమైన తేడాయే, కాని ప్రాణాధారం కాదు.

గ్లూకగాన్ వైపు ఒకప్పుడు నాకు ఆశ ఉండేది. టైప్ 1లో బీటా కణాలు పోయినా ఆల్ఫా కణాలు మిగులుతాయి. కాని చక్కెర ప్రమాదకరంగా పడిపోయినప్పుడు అవి గ్లూకగాన్ వదలవు. సింపథెటిక్ నాడికి చిన్న కరెంటిచ్చి ఆ సమయంలో వాటిని లేపవచ్చు కదా? 2016లో సియాటిల్ నుంచి వచ్చిన పరిశోధన ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది. టైప్ 1 వచ్చినవాళ్ళ పుటికల్లో సింపథెటిక్ పోగులు తొలి దశలోనే చాలావరకు మాయమవుతున్నాయి. మీట ఉంది, బల్బు ఉంది, మధ్యలో తీగే లేదు.

నాడీ ప్రేరణలో ఆలోచన రేకెత్తించిన పని ఒకటి హార్మోనుతో సంబంధం లేకుండా వచ్చింది. 2019లో ఫ్రాన్సులోని నీస్ నుంచి బ్లాంకూ, గ్లైకెన్‌హాస్ బృందం టైప్ 1 వచ్చే జాతి చిట్టెలుకల్లో క్లోమం నాడికి ఎలక్ట్రోడు తొడిగింది. ప్రేరణ క్లోమం పక్కనున్న లింఫు గ్రంథుల్లో రోగనిరోధక కణాల దూకుడు తగ్గించింది, అప్పుడే మొదలైన జబ్బు ముదరడం ఆగింది. ఇన్సులిన్ పిండుకోవడం మానేసి, దాన్ని తయారుచేసే కణాల్ని కాపాడటం. నాకు ఇది సరైన దిక్కు అనిపిస్తుంది. చిట్టెలుకలో నయమైన టైప్ 1 మనిషిలో నయమవని ఉదాహరణలు ఇప్పటికే బోలెడున్నాయి కాబట్టి అంతకు మించి పొగడను.

స్విట్జర్లాండులోని బాసెల్‌లో ఫుస్సెనెగర్ బృందం ఇంకో దారి పట్టింది. ఉన్న కణాన్ని బతిమాలడం ఎందుకు, కరెంటుకి పలికే కణాన్నే తయారుచేద్దాం అన్నారు. 2020లో వాళ్ళు మనిషి బీటా కణాల్లోకి కాల్షియం, పొటాషియం ద్వారాల జన్యువులు చేర్చి, టైప్ 1 చిట్టెలుకల చర్మం కింద పెట్టి, బయటినుంచి కరెంటిస్తే ఇన్సులిన్ పది నిమిషాల్లో గరిష్ఠానికి చేరింది. 2023లో మూడు మామూలు పెన్సిల్ బ్యాటరీల 4.5 వోల్టులతో, ఆక్యుపంక్చర్ సూదుల ద్వారా, రోజుకి పది సెకన్లు కరెంటిచ్చారు. ఆ చిట్టెలుకల చక్కెర అదుపులోకి వచ్చింది. పత్రికలు గంతులేశాయి. కాని కరెంటు ఎప్పుడివ్వాలో అక్కడ నిర్ణయించింది పరిశోధకుడి చెయ్యి. ఆ చేతి స్థానంలో చక్కెర కొలిచే యంత్రం వచ్చి, నిద్రలోనూ జ్వరంలోనూ పెళ్ళి భోజనంలోనూ తప్పు చెయ్యకుండా పనిచేస్తేనే అది వైద్యం.

ఇంతలో ఎగ్జిబిషన్లలో పాదాల కింద పెట్టుకునే కరెంటు పలకలు, నడుముకి చుట్టుకునే బెల్టులు షుగరు తగ్గిస్తాయని అమ్ముతున్నారు. కాళ్ళ మంటలకి తక్కువ కరెంటుతో కొంత ఉపశమనం కలగవచ్చు. ఆ కరెంటు క్లోమం దాకా వెళ్ళి ఇన్సులిన్ని లేపుతుందంటే మాత్రం అబద్ధం. అది నమ్మి మాత్రలు మానేసిన మనిషికి జరిగే నష్టానికి అమ్మినవాడు పూచీ పడడు.

ఇన్ని చెప్పాక, క్లోమం కరెంటుని సరిచేసి నిజంగా గెలిచిన సందర్భం ఒకటి చెబుతాను. ఎలక్ట్రోడు లేని గెలుపు అది. కొందరు పిల్లలకి పుట్టిన కొన్ని వారాల్లోనే మధుమేహం వస్తుంది. దాన్ని టైప్ 1 అనుకుని జీవితాంతం ఇన్సులిన్ పొడిచేవాళ్ళు. 2004లో ఎక్సెటర్‌లో హాటర్స్‌లీ బృందం వీళ్ళలో కొందరికి ఆ పొటాషియం ద్వారం జన్యువులోనే లోపముందని కనిపెట్టింది. ఏటీపీ తగిలినా ద్వారం మూసుకోదు. బీటా కణాలు ఉన్నాయి, ఇన్సులిన్ ఉంది, చక్కెర ఉంది, ఏటీపీ ఉంది, వోల్టేజీ మాత్రం లేవదు. సల్ఫోనిల్‌యూరియా మాత్ర ఏటీపీతో పని లేకుండా అదే ద్వారాన్ని వేరే చోట పట్టుకుని మూస్తుంది కదా, ఇచ్చి చూశారు. 2006 నాటి నివేదికలో 49 మందిలో 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేశారు.

మరి ద్వారం ఎప్పుడూ మూసి ఉంటే ఈ పిల్లలకి చక్కెర పడిపోవాలి కదా? అంతగా పడిపోలేదు. కారణం అదే నివేదికలో ఉంది. సిరలోకి గ్లూకోజ్ ఇస్తే వీళ్ళ ఇన్సులిన్ కొద్దిగానే లేచింది, నోటితో తినిపిస్తే బాగా లేచింది. ద్వారం మూతపడి కణం సిద్ధంగా ఉన్నాక, పేగు హార్మోన్లూ నాడులూ భోజనం వచ్చిందన్న కబురు మోసి, విడుదల వేళని నిర్ణయిస్తున్నాయి. భోజనం అయిపోతే కబురు ఆగుతుంది, విడుదల తగ్గుతుంది.

అందుకని ఇక్కడున్న పిల్లల డాక్టర్లకి ఒక మనవి. ఆరు నెలల లోపు బిడ్డకి మధుమేహం కనిపిస్తే టైప్ 1 అని రాసి పంపేయకండి. వెంటనే ఇన్సులిన్ మొదలుపెట్టండి, అదే రోజు జన్యుపరీక్షకి రక్తం తీసి పంపండి. ఫలితం వచ్చేదాకా ఆ తల్లిదండ్రులకి జీవితాంతం ఇంజెక్షన్లే అని మాత్రం చెప్పకండి.